ఆర్సీ కనపడటం లేదు, కారు అమ్మేయొచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటి గొడవ ఒకటే. కారు ఉంది, కొనేవాళ్లు ఉన్నారు, ఆర్సీ మాత్రం లేదు. రవాణా శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి పరిపాలనాధికారిగా రిటైరయ్యేదాకా నేను ఎక్కువకాలం పనిచేసింది ట్రాన్స్‌ఫర్ సెక్షన్‌లోనే. ఆర్సీ పోయిందని వచ్చినవాళ్ల పని కొంచెం ఆలస్యమైనా అయిపోయేది. ఆర్సీ పోయిందన్న కంగారులో ఎవరికో ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చినవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను. అలాంటి పరిస్థితి చాలా ఇళ్లలో ఉంది.

ప్రశ్న: మేడమ్, మావారు పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన పేరు మీద 2016 మోడల్ స్విఫ్ట్ డీజిల్ కారు ఉంది, ఏపీ 05 నంబరు. నాకు డ్రైవింగ్ రాదు. కారు షెడ్డులోనే పడుంది. ఇల్లంతా వెతికినా ఆర్సీ దొరకలేదు. బ్యాంకు లోను ఆయన ఉన్నప్పుడే 2021లో తీరిపోయింది. మా వీధి చివర కార్లు కొని అమ్మే ఆయన మూడు లక్షల నలభై వేలు ఇస్తానంటున్నాడు. "పేరు మార్చే 29, 30 ఫారాల మీద సార్ సంతకం మీరే పెట్టేయండి, డేటు వెయ్యకండి, ఆర్సీ సంగతి మేం చూసుకుంటాం" అంటున్నాడు. మా మరిది కూడా "ఇచ్చేసెయ్ వదినా, ఎన్నాళ్లు పెట్టుకుంటావు" అంటున్నాడు. అబ్బాయి అమెరికాలో డాలస్‌లో, అమ్మాయి విశాఖలో ఉంటారు. మా అత్తగారు నా దగ్గరే ఉంటారు. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక్క మాట. మీవారి సంతకం మీ చేత్తో పెట్టకండి. ఒకవేళ ఈపాటికే పెట్టి ఇచ్చేసి ఉంటే, ఈరోజే వెళ్లి ఆ కాగితాలు వెనక్కి తీసుకుని చించేయండి.

ఆ కొనే ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. కార్ల వ్యాపారంలో ఎప్పటినుంచో నడుస్తున్న అలవాటు ఇది. అమ్మేవాళ్ల చేత ఖాళీ ఫారాల మీద సంతకాలు చేయించుకుంటారు. కారు ఎంతమంది చేతులు మారితే ఆ కాగితాలూ అంతమంది చేతులు మారతాయి. చివరికి కొన్న మనిషి తన పేరు రాసుకుని ఆఫీసుకు వస్తే వస్తాడు, లేకపోతే లేదు. మధ్యలోవాళ్ల పేర్లు ఎక్కడా రికార్డుకెక్కవు. అన్నాళ్లూ రికార్డులో ఉండేది మీవారి పేరే. ఈలోగా ఆ కారు ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది మీ ఇంటికి. ఎవరైనా దొంగ సరుకు రవాణాకో ఇంకో తప్పుడు పనికో వాడితే పోలీసులు వచ్చేదీ మీ ఇంటికే.

మీ విషయంలో దీన్ని మించిన ప్రమాదం ఇంకోటి ఉంది. మరణ ధ్రువపత్రం మీద ఒక తేదీ ఉంటుంది. ఫారం మీద కొన్నాయన వేసుకునే తేదీ దాని తర్వాతది అవుతుంది. ఈ రెండు కాగితాలూ ఏదో ఒకరోజు ఒకే టేబుల్ మీదికి వస్తాయి. ఆ సంతకం ఎవరు పెట్టారని అడిగిన రోజున కొన్నాయనా పలకడు, మీ మరిదీ పలకడు. జవాబు చెప్పుకోవాల్సింది మీరు. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ఫోర్జరీ కేసులో నిలబడే అవసరం ఏమొచ్చింది? నేరుగా వెళ్లే దారి ఉంది. కొంచెం తిరగాలి, అంతే.

ఆర్సీ పోవడం మీరనుకున్నంత పెద్ద సమస్య కాదు. మన చేతిలో ఉండే కార్డు రవాణా శాఖ రికార్డుకు నకలు మాత్రమే. కార్డు పోయినా రికార్డు ఎక్కడికీ పోదు. ముందు ఇంట్లో ఆర్సీ జిరాక్సు కోసం వెతకండి. ఇన్సూరెన్స్ ఫైలు, లోను కాగితాల కవరు, కారులో డాష్‌బోర్డు పెట్టె, మీవారి ఆఫీసు బ్యాగు చూడండి. జిరాక్సు దొరికితే సగం పని అయిపోయినట్టే. దొరక్కపోయినా నష్టం లేదు. ఇన్సూరెన్స్ పాలసీ మీద ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఉంటాయి. మీ అమ్మాయి చేత పరివాహన్ వెబ్‌సైటులోగానీ ఎంపరివాహన్ యాప్‌లోగానీ కారు నంబరు కొట్టించి చూడండి. యజమాని పేరు పూర్తిగా చూపించరు, మధ్య అక్షరాలు కప్పేస్తారు. కానీ రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, కారు మీద ఫైనాన్స్ ఇంకా నమోదై ఉందా అన్నవి తెలుస్తాయి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. మీది 2016ది కాబట్టి 2031 దాకా ఆ బెంగ లేదు.

ఫైనాన్స్ దగ్గర చాలామంది పొరబడతారు. లోను తీరిపోతే చాలు, అన్నీ తీరిపోయినట్టేనని అనుకుంటారు. బ్యాంకులో ఖాతా మూసేసినంత మాత్రాన ఆర్సీ మీద బ్యాంకు పేరు పోదు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), వాళ్లు సంతకం చేసి ముద్ర వేసిన ఫారం 35 తెచ్చి రవాణా శాఖలో ఇస్తేనే ఆ పేరు తీస్తారు. మా ఆఫీసుల్లో దీన్ని హెచ్‌పీ తీయించడం అంటారు. 2021లో ఇచ్చిన ఎన్‌ఓసీ మీ దగ్గర ఉన్నా, చాలా బ్యాంకులు దానిమీద మూడు నెలల గడువు వేస్తాయి. పాతదాన్ని పట్టుకుని మీరే బ్రాంచికి వెళ్లి కొత్తది అడగండి. లోను తీరిన ఖాతా కాబట్టి ఇవ్వడానికి వాళ్లకేం అభ్యంతరం ఉండదు. మీవారి మరణ ధ్రువపత్రం జిరాక్సు కూడా తీసుకెళ్లండి.

తర్వాత పోలీస్ స్టేషన్. ఆర్సీ పోతే ఎక్కడ పోయిందో ఆ పరిధిలోని స్టేషన్‌లో చెప్పాలి, రిజిస్టర్ చేసిన ఆఫీసుకు రాతపూర్వకంగా తెలపాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 53వ నిబంధన చెప్పేది ఇదే. మీకు ఇంట్లోనే కనపడకుండా పోయింది కాబట్టి మీ ఇంటి పరిధి స్టేషన్‌కు వెళ్తే సరిపోతుంది. అర్జీ పెద్దగా అక్కర్లేదు. "నా భర్త ఫలానావారు ఫలానా తేదీన మరణించారు. ఆయన పేరున ఉన్న ఫలానా నంబరు కారు ఆర్సీ ఇంట్లో ఎంత వెతికినా దొరకలేదు. దాన్ని ఎవరికీ తాకట్టు పెట్టలేదు, ఏ శాఖవారూ స్వాధీనం చేసుకోలేదు. డూప్లికేట్ కోసం ధ్రువపత్రం ఇప్పించగలరు" అని కారు నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు వేసి రాయండి. తాకట్టు గురించిన వాక్యం వదిలేయకండి. తర్వాత ఎవరైనా కొత్త కథ చెబితే అది మీకు పనికొస్తుంది.

ఇక కారు మీ పేరు మీదికి మారాలి. మీవారి పేరు నుంచి నేరుగా కొనేవాళ్ల పేరుకు మార్చడం కుదరదు. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టుకోవాలని నిబంధన. ఆ మూడు నెలలూ వారసులు ఆ బండిని తమదిగానే వాడుకోవచ్చు. మీకు పద్నాలుగు నెలలు దాటాయి కదా అని కంగారు పడకండి. ఆలస్యానికి కొంత రుసుము కట్టించుకుని పని చేస్తారు. ఇంటి మనిషి పోయిన మూడు నెలల్లో కారు కాగితాలు ఎవరికి గుర్తొస్తాయి! ఆ సంగతి ఆఫీసు వాళ్లకూ తెలుసు.

ఫారం 31తో పాటు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్, అమల్లో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. ఆర్సీ స్థానంలో పోలీసులిచ్చిన కాగితం, డూప్లికేట్ కోసం ఫారం 26 జతచేయండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీ వార్డు సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దారు నుంచి వస్తుంది. మిగతా వారసులంతా కారు మీ పేరు మీద పెట్టడానికి తమకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి.

ఇక్కడ మీరు మరిచిపోయే మనిషి ఒకరున్నారు. మీ అత్తగారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు ఆస్తిలో భార్యకు, పిల్లలకు ఎంత హక్కో తల్లికీ అంతే హక్కు. పిల్లల సంతకాలు తెచ్చి, ఇంట్లోనే ఉన్న పెద్దావిడ సంతకం లేక ఫైలు వెనక్కి వెళ్లిపోవడం నేను ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. ఆవిడను కూర్చోబెట్టి విషయం చెప్పి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. సంతకం రాకపోతే వేలిముద్ర వేయించి ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించండి. కొడుకు కారు అమ్ముతున్నారన్న సంగతి ఆవిడకు నోటరీ దగ్గర తెలియడం కంటే ముందే మీ నోటితో తెలియడం మంచిది. మీ అబ్బాయి అక్కడ అఫిడవిట్ రాసి హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించి పంపొచ్చు. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రం వాళ్లంతా ఆ కాన్సులేట్ కిందికే వస్తారు. అన్నిటికంటే ఆలస్యమయ్యే కాగితం అదే కాబట్టి ముందు ఆ పని మొదలుపెట్టమనండి.

ఇన్సూరెన్స్ సంగతి మీరు రాయలేదు. పాలసీదారు చనిపోతే ఆ పాలసీ మూడు నెలలు గానీ, దాని గడువు తీరేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకే నడుస్తుంది. ఆలోగా వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. ఫోన్‌లో మెసేజ్ వచ్చింది కదా అని పోయినవాళ్ల పేరు మీదే ఆన్‌లైన్‌లో రెన్యువల్ కట్టేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ ఇంట్లోనూ అలా జరిగి ఉంటే కంపెనీకి విషయం చెప్పి సరిచేయించుకోండి. అప్పటిదాకా కారును రోడ్డు మీదికి తీయనివ్వకండి. వారానికోసారి ఎవరి చేతైనా షెడ్డులోనే స్టార్ట్ చేయించి కాసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే బ్యాటరీ చచ్చిపోకుండా ఉంటుంది. షెడ్డు తలుపు మాత్రం తెరిచి పెట్టండి, ఆ పొగ మంచిది కాదు.

ఫారాల మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ అతికించాలంటారు. ఇది మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. చాలా కార్లలో బానెట్ ఎత్తితే ఇంజిన్ వెనక గోడ మీద, కొన్నిట్లో ముందు సీటు దగ్గర కార్పెట్ కింద 17 అంకెలు, అక్షరాలు చెక్కి ఉంటాయి. గుడ్డతో దుమ్ము, జిడ్డు తుడిచి, పల్చటి తెల్లకాగితం దానిమీద పెట్టి రెండు చివర్లా టేపు వేయండి. మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి ఒకే వైపుగా నెమ్మదిగా రుద్దండి. నల్లటి పూతలో అంకెలు తెల్లగా పైకి తేలతాయి. ఒకటికి నాలుగు కాగితాలు తీసిపెట్టుకోండి. మీ పేరుకు మార్చేటప్పుడు కావాలి, కొన్నవాళ్ల పేరుకు మార్చేటప్పుడు మళ్లీ కావాలి. ఆ నంబరును జిరాక్సులో నంబరుతో ఒక్కో అక్షరం సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఫైలు పక్కన పెడతాడు, అలా పెట్టడం న్యాయం కూడా. దొంగ బండ్లు దొరికేది అక్కడే.

తిరగలేనంటే ఏజెంటును పెట్టుకోండి, తప్పేం లేదు. అతని కష్టానికి డబ్బివ్వండి. కానీ ఫారం పూర్తిగా నింపి, తేదీ వేసి, చదువుకున్నాకే సంతకం పెట్టండి. డూప్లికేట్ ఆర్సీకి, ట్రాన్స్‌ఫర్‌కు ప్రభుత్వ ఫీజు వందల్లోనే ఉంటుంది. ప్రభుత్వ ఫీజు పేరుతో ఎవరైనా వేలల్లో లెక్క చెబితే రసీదు చూపించమనండి.

మీ పేరుతో ఆర్సీ వచ్చాక అప్పుడు అమ్మండి. ఆ మూడు లక్షల నలభై వేల మాట కూడా అప్పుడు మళ్లీ మాట్లాడుకోండి. కాగితాలు సరిగ్గా లేని కారుకు రేటు తగ్గించి అడగడం ఆ వ్యాపారంలో మామూలే. కాగితాలన్నీ చేతిలో ఉన్న ఆడమనిషితో ఎవరూ అలా బేరమాడలేరు. కొన్నాయన పేరుకు ఫారం 29, 30 మీ సంతకంతో, మీ తేదీతో పెట్టండి. మీ మరిదికి ఈ పేజీ చూపించండి. ఆయనకు కూడా మీ మేలే కావాలి, ఈ చిక్కులు తెలియక అలా అన్నారంతే.

మిగతా పాఠకులకు ఒక మాట. 2021 నుంచి ఆర్సీలోనే నామినీ పేరు రాయించుకునే వీలు వచ్చింది. బండ్ల యజమానులు ఈ పని చేసి పెడితే, రేపు భార్యాపిల్లలు ఇన్ని కాగితాలు పట్టుకుని తిరిగే బాధ చాలావరకు తప్పుతుంది. దయచేసి చేయండి.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వచ్చే నెల జర్మనీ వెళ్తున్నాను. నా 2019 మోడల్ ఐ20కి టీఎస్ 07 నంబరు. పర్సుతో పాటు ఆర్సీ కార్డు పోయింది. తెలంగాణ రవాణా శాఖ యాప్ ఎం-వాలెట్‌లో ఆర్సీ ఉంది. బ్రోకర్ "డిజిటల్ చాలు, ఫారాల మీద సంతకాలు పెట్టి, మీ పాత సిమ్ ఇచ్చి వెళ్లండి, ఓటీపీలు మేమే చూసుకుంటాం" అంటున్నాడు. కొనేవాళ్లది విజయవాడ. టైమ్ లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: బాబూ, సిమ్ ఇవ్వకు. నీ ఆధార్‌కు, బ్యాంకుకు అదే నంబరు ఉండే ఉంటుంది. అది బ్రోకర్ చేతిలో పెట్టి నువ్వు దేశం దాటి వెళ్లిపోతే ఇక్కడ నీ పేరుతో ఏం జరిగినా నీకు తెలియదు.

ఎం-వాలెట్‌లో, డిజిలాకర్‌లో ఉన్న ఆర్సీ చెల్లుతుంది. 2018లో కేంద్రం నిబంధనలు సవరించి, రోడ్డు మీద తనిఖీలో డిజిటల్ కాగితాలు చూపించినా ఒప్పుకోవాలని చెప్పింది. అయితే అది పోలీసు ఆపినప్పటి మాట. కారు అమ్మేటప్పుడు కార్డు ఏమైందన్నది తేలాలి. పోలీసు ధ్రువపత్రం, ఫారం 26తో డూప్లికేట్ తీసుకో. పోయిన పత్రాలకు మీ సేవలో కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నీ పేరు మీదున్న కారే కాబట్టి పై ఉత్తరంలో ఆవిడకున్నంత పని నీకు లేదు.

కొనేవాళ్లది విజయవాడ అన్నావు. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాద్ కారు విజయవాడ వెళ్లినా రాష్ట్రం దాటినట్టే. మీ ప్రాంత రవాణా ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. అమ్మినట్టు నువ్వు తెలియజేయడానికి సొంత రాష్ట్రంలో అయితే 14 రోజులు, వేరే రాష్ట్రమైతే 45 రోజులు గడువు. పెండింగ్ చలాన్లు ఉంటే ముందే కట్టేసెయ్, ఫైలు వాటి దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తీర్పు ఇచ్చింది. రికార్డులో పేరున్న మనిషి కారు ఎప్పుడో అమ్మేశాడు. కొన్నవాడు ఇంకొకరికి, వాళ్లు ఇంకొకరికి అమ్ముకుంటూ పోయారు. ఎవరూ ట్రాన్స్‌ఫర్ చేయించుకోలేదు. ప్రమాదం జరిగింది. నష్టపరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్నకు కోర్టు, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే మోటారు వాహనాల చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని చెప్పింది. దెబ్బతిన్న కుటుంబం చేతులు మారిన వాళ్లందరి వెంట పడి తిరగాల్సిన పనిలేదన్నది కోర్టు ఉద్దేశం. నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. కానీ కారు అమ్మి వెళ్లిపోయినవాడు దాని బరువు తెలుసుకోవాలి. నువ్వు జర్మనీలో ఉండగా ఇక్కడ నోటీసు నీ పాత అద్దె ఇంటికి వెళ్తుంది. నీకు అందదు. కేసు నువ్వు లేకుండానే నడిచిపోతుంది.

నెల రోజుల్లో ట్రాన్స్‌ఫర్ పూర్తికాదనిపిస్తే, బ్రోకర్‌కు కాకుండా రవాణా శాఖ అనుమతి పత్రం ఉన్న డీలరుకు ఇవ్వు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, నువ్వు కారు అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా పోర్టల్‌లో తెలియజేస్తే అప్పటినుంచి ఆ కారుకు యజమాని బాధ్యత డీలరుదే. అనుమతి పత్రం చూపించమని అడుగు. లేదంటే వేరే డీలరు దగ్గరికి వెళ్లు. ధర కొంచెం తక్కువొచ్చినా నీలాంటివాడికి ఇదే మంచిదని నా అభిప్రాయం.

ఎవరికి ఇచ్చినా డెలివరీ నోట్ రాయించుకో. తేదీతో పాటు గంట, నిమిషం వేయాలి. కిలోమీటర్ల రీడింగ్ రాయాలి. "ఈ క్షణం నుంచి ఈ వాహనం వల్ల వచ్చే ప్రమాదాలు, చలాన్లు, కేసులకు నేనే బాధ్యుడిని" అని కొన్నవాళ్లు సంతకం చేయాలి, వాళ్ల ఆధార్ జిరాక్సు వెనకాల పిన్ను కొట్టు. ఇది ట్రాన్స్‌ఫర్‌కు బదులు కాదు, ట్రాన్స్‌ఫర్ అయ్యేలోపు నీ చేతిలో ఉండే ఆధారం. ఫాస్టాగ్ నీ బ్యాంకు ఖాతాకు కట్టి ఉంటుంది, తాళాలు ఇచ్చేలోపే దాన్ని మూయించి స్టిక్కర్ చింపేసెయ్. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సర్టిఫికెట్ తీసుకో. అది కారుతో పోదు, నీతోనే ఉంటుంది. మూడేళ్లలోపు తిరిగొచ్చి ఇంకో కారు కొంటే పనికొస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు టెక్సస్ నుంచి ఇండియాకు తిరిగి వచ్చేస్తున్నారు. కారు అమ్ముదామంటే టైటిల్ కాగితం కనపడటం లేదట. వాడు తెగ హైరానా పడుతున్నాడు. మీకేమైనా తెలుసా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అండీ, మా అమ్మాయి కూడా ఆ దేశంలోనే ఉంటుంది, ఆమె చేత అడిగించి రాస్తున్నాను. అక్కడ రిజిస్ట్రేషన్ వేరు, యాజమాన్యం చెప్పే టైటిల్ వేరు, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. టెక్సస్‌లో అయితే వీటీఆర్-34 అనే ఫారం నింపి, గుర్తింపు కార్డు నకలు పెట్టి రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు పంపితే టైటిల్ సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. పోస్టులో అయితే రెండు డాలర్లు, ప్రాంతీయ సర్వీస్ సెంటరుకు స్వయంగా వెళ్తే 5.45 డాలర్లు. తిరుగు టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు పోస్టు కోసం ఎదురుచూడకుండా స్వయంగా వెళ్లడమే మేలు. టైటిల్ మీద లోను ఇచ్చిన సంస్థ పేరుంటే, లోను తీరిందన్న విడుదల పత్రం కూడా తీసుకెళ్లాలి. భార్యాభర్తలిద్దరి పేర్లూ టైటిల్‌లో ఉన్నాయేమో చూసుకోమనండి, ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు ముందు విమానం ఎక్కేస్తే ఇబ్బంది.

కొన్నవాళ్లతో కలిసి కౌంటీ టాక్స్ ఆఫీసుకు వెళ్లి, తన కళ్లముందే పేరు మార్పు దరఖాస్తు ఇప్పించమనండి. అమ్మినట్టు వాహన బదిలీ నోటీసు 30 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. టోల్ బిల్లులు, పార్కింగ్ జరిమానాలు నెల్లూరు దాకా వెంటపడకుండా ఉండాలంటే ఆ నోటీసు పెట్టాల్సిందే.

ప్రశ్న: అవసరం వచ్చి ఒక ఫైనాన్స్ ఆయన దగ్గర అప్పు తీసుకుని కారు ఆర్సీ అతని దగ్గర పెట్టాను. ఆర్సీలో అతని పేరేమీ ఎక్కించలేదు. వడ్డీ మీద వడ్డీ వేసి చాలా ఎక్కువ అడుగుతున్నాడు. ఆర్సీ పోయిందని చెప్పి డూప్లికేట్ తీసుకుని కారు అమ్మి అప్పు తీర్చేద్దామని ఫ్రెండ్స్ అంటున్నారు. చేయొచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయకూడదండీ. ఫారం 26లో ఆర్సీ ఎలా పోయిందో రాసి, అందులో రాసినవి నిజమని సంతకం పెట్టాలి. అంతకుముందు పోలీసులకూ అదే చెప్పాలి. ఆర్సీ ఎక్కడుందో మీకు తెలుసు. రెండు చోట్ల అబద్ధం రాసిచ్చిన రుజువు మీ చేతిరాతతోనే ఉంటుంది. అతను అసలు ఆర్సీ బయటపెట్టిన రోజున కేసు మీ మీద అవుతుంది. ఇప్పుడు న్యాయం మీవైపు ఉన్న గొడవ అప్పుడు అతనివైపు తిరిగిపోతుంది. మీ దగ్గర కారు కొన్న మనిషి కూడా ఏ తప్పూ లేకుండా ఇరుక్కుంటాడు.

మీరు తీసుకున్నదెంత, కట్టిందెంత, ఏ తేదీన ఎలా కట్టారో ఒక కాగితం మీద రాయండి. ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపులైతే బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. లాయరు ద్వారా, న్యాయమైన లెక్క ప్రకారం బాకీ కట్టి ఆర్సీ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నానని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. బెదిరిస్తే, కారు ఎత్తుకెళ్తానంటే పోలీసులకు ఫిర్యాదు చేయండి, అందులో ఆర్సీ అతని దగ్గర ఉందన్న నిజమే రాయండి. కొనేవాళ్లు ఇప్పటికే ఉంటే వాళ్లకూ దాచకుండా చెప్పండి. ముగ్గురూ కూర్చుని, కొనేవాళ్లు ఇచ్చే డబ్బులోంచి అతని బాకీ బ్యాంకు ద్వారా నేరుగా కట్టించి, అక్కడికక్కడే ఆర్సీ, ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకోవచ్చు. ఇలా తేలిపోయిన లావాదేవీలు చాలా ఉన్నాయి. అప్పు తీరినట్టు రసీదు మాత్రం మరిచిపోకండి. ప్రామిసరీ నోటు వెనక "పూర్తిగా ముట్టినది" అని అతని చేతే రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించి తీసుకోండి.